దీపం వెలిగితే లైను బాగున్నట్టేనా?

(సూరత్‌లో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

— విశ్రాంత సుబేదార్, కోర్ ఆఫ్ సిగ్నల్స్



కార్యదర్శి గారు నన్ను "సర్వీసులో మీ అనుభవాలు ఏవైనా చెప్పండి సాబ్" అని అడిగారు. అనుభవాలు అందరికీ ఉన్నవి. నేను యుద్ధ కథలు చెప్పగలిగేంతటి వాడిని కాను. ఇరవై ఎనిమిదేళ్లు తీగలు, టెలిఫోన్లు, ఎక్స్చేంజీలతోనే గడిపినవాణ్ణి. అందుకని ఈ రోజు ఒక చిన్న పెట్టె గురించి మాట్లాడదలచుకున్నాను. అదే మన ఇళ్లలో, ఆఫీసుల్లో, మిల్లుల్లో మూలన కూర్చుని దీపాలు మినుకుమినుకుమనిపించే నెట్‌వర్క్ స్విచ్. అందులో చిప్పు ఉంటుంది. ఆ చిప్పులో అట్టడుగున తీగను నేరుగా తాకే భాగాన్ని ఫిజికల్ లేయర్ అంటారు, ముద్దుగా "ఫై" అని పిలుస్తారు. దాని కథే నా ప్రసంగం. దీనికి కారణం ఉన్నది. చివరలో అదీ చెప్తాను.

మాది సిరిసిల్ల. మా నాయన సాంచాల మీద పనిచేసేవాడు. నేను ఇంటర్మీడియట్ పూర్తి చేసి 1987లో భర్తీ అయ్యాను. జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ, తరువాత మహూలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్‌లో కోర్సు. 2015లో పెన్షన్ వచ్చింది. మా అత్తగారి వాళ్లు మన తెలంగాణ నేతన్నలు వేలమంది వచ్చినట్లే వచ్చి ఈ సూరత్‌లో లింబాయత్‌లో స్థిరపడినవారు. అట్లా నేనూ ఇక్కడికి చేరినాను. ఇక్కడ మునిసిపాలిటీ వారు తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నారంటే, మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే ఊహించుకోండి.

సిగ్నల్ సెంటర్, లైన్‌మ్యాన్

ముందుగా స్విచ్ ఏం చేస్తుందో చూద్దాం. మన సిగ్నల్ సెంటర్ గుర్తు చేసుకోండి. సందేశం వస్తుంది. క్లర్కు పైన అడ్రసు చూస్తాడు, ఏ యూనిట్‌కు పోవాలో ఆ గూటిలో వేస్తాడు. లోపల ఏమున్నదో అతనికి అక్కర లేదు. స్విచ్‌లో ఈ క్లర్కు పని చేసే భాగం పైన ఉంటుంది. ప్రతి కంప్యూటరుకు, ప్రతి కెమెరాకు 48 బిట్ల అడ్రసు ఒకటి ఉంటుంది. అది చూసి ఏ పోర్టులోకి పంపాలో అది నిర్ణయిస్తుంది.

కాని క్లర్కు ఎంత తెలివైనవాడైనా లైను లేకపోతే ఏం చేస్తాడు? లైను వేసి, చివర్లు కట్టి, అవతలివాడితో "హలో, వినబడుతున్నదా" అనేవాడు లైన్‌మ్యాన్. ఫై అంటే ఆ లైన్‌మ్యానే. అతను అడ్రసు చదవడు. ఇది ఉత్తరమా, సినిమానా, కెమెరా బొమ్మా అని అడగడు. పైనుండి వచ్చిన ఒకట్లు, సున్నాలను కరెంటు తరంగాలుగా మార్చి తీగలోకి తోస్తాడు. అవతలి నుండి వచ్చిన నీరసపు తరంగాలను పట్టి మళ్లీ ఒకట్లు, సున్నాలుగా పైకి అందిస్తాడు. పని అంతే. కాని ఆ పని ఎంత కష్టమో లైను వేసినవాళ్లకే తెలుసు.

పురి మహిమ

నెట్‌వర్క్ కేబుల్ కోసి చూస్తే ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటా ఒకదానికొకటి పురి పెట్టి ఉంటుంది. సూరత్‌లో ఉన్నవాళ్లకు పురి గురించి నేను చెప్పనక్కర లేదు. ఊరంతా ట్విస్టింగ్ మిషన్లే. నూలుకు పురి బలం కోసం పెడతాం. తీగకు పురి వేరే కారణానికి.

ఫై ఒక జంటలో ఒక తీగను పైకి నెట్టితే, అదే క్షణాన రెండో తీగను అంతే కిందికి లాగుతుంది. అవతలి ఫై రెండింటి మధ్య తేడా మాత్రమే కొలుస్తుంది. దారిలో మోటారు రొద ఏదైనా తగిలితే రెండు తీగలకూ సమానంగా తగులుతుంది, తేడా మారదు. కాబట్టి ఆ రొద దానికి వినబడదు. కాని రెండింటికీ సమానంగా తగలాలంటే రెండూ మోటారుకు సమాన దూరంలో ఉండాలి. పక్కపక్కన చక్కగా పరిస్తే ఒకటి ఎప్పుడూ దగ్గర, ఒకటి ఎప్పుడూ దూరం. పురి పెడితే ఈ అంగుళంలో ఇది దగ్గరయితే వచ్చే అంగుళంలో అది దగ్గర. మొత్తానికి లెక్క సరిపోతుంది. పాతకాలపు స్తంభాల మీద పర్మనెంట్ లైన్ల తీగలను కొన్ని స్తంభాలకొకసారి అటుదిటు, ఇటుదటు మార్చి కట్టేవాళ్లం. పాత సిగ్నల్స్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదీ ఇదీ ఒకటే సూత్రం.

ఇంకొక సంగతి. నాలుగు జంటలకూ పురి ఒకే రకంగా ఉండదు. ఒకదానికి బిగువు, ఒకదానికి వదులు. ఒకే పురి అయితే పక్క జంటలో ఒక తీగ ఎప్పుడూ ఈ జంటలో ఒకే తీగకు ఆనుకుని ఉండి ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. దీన్నే క్రాస్‌టాక్ అంటాం.

పది నుండి వెయ్యికి

ఈథర్నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనేవారు దానికి ఆద్యులు. అప్పుడు లావుపాటి కోయాక్సియల్ కేబుల్ మీద నడిచేది. పురి పెట్టిన జంటల మీద సెకనుకు పది మెగాబిట్ల ప్రమాణం 1990లో, వంద మెగాబిట్లది 1995లో, వెయ్యిది అంటే గిగాబిట్‌ది 1999లో వచ్చినవి.

వంద మెగాబిట్ల ఫై రెండు జంటలే వాడుకుంటుంది. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. పైనుండి వచ్చిన ప్రతి నాలుగు బిట్లను అయిదుగా మారుస్తుంది. ఎందుకంటే వరుసగా సున్నాలే వస్తే తీగ మీద కదలికే ఉండదు, అవతలివాడి గడియారం తప్పిపోతుంది. మార్చింగ్‌లో కాషన్ ఇచ్చేవాడు చాలాసేపు ఊరుకుంటే స్క్వాడ్ అడుగు తప్పినట్లే. అందుకే వంద కాస్తా నూట ఇరవై అయిదు అవుతుంది. ఆ తరువాత వాటిని కలగాపులగం చేస్తుంది. ఇది రహస్యం కోసం చేసే సైఫర్ కాదు. శక్తి అంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద పోగుపడి పక్కనున్న రేడియోలను చెడగొట్టకుండా పరచడానికి. చివరకు మూడు మెట్ల తరంగంగా పంపుతుంది: పైమెట్టు, సున్నా, కిందిమెట్టు. ఒకటి వస్తే తరువాతి మెట్టుకు కదులుతుంది, సున్నా వస్తే ఉన్నచోటనే నిలబడుతుంది. దీనివల్ల తీగ మీద తరంగం 31.25 మెగాహెర్ట్జ్ దాటదు.

గిగాబిట్ ఫై సంగతి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అది నాలుగు జంటలనూ వాడుతుంది. ప్రతి జంటలోనూ ఒకేసారి అటూ ఇటూ మాట్లాడుతుంది. సెకనుకు 12 కోట్ల 50 లక్షల గుర్తులు, అయిదు మెట్ల మీద. ఒక్కొక్క గుర్తు రెండు బిట్ల సమాచారం మోస్తుంది. జంటకు 250 మెగాబిట్లు, నాలుగు జంటలకు వెయ్యి. ఒక గుర్తు ఉండేది 8 నానోసెకన్లు. ఆ కాలంలో తీగలో తరంగం సుమారు ఒకటిన్నర మీటరు పోతుంది. అంటే వంద మీటర్ల కేబుల్‌లో ఒక్కొక్క జంటలో అరవై గుర్తుల దాకా ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి నడుస్తుంటాయి. ఎదురుగా అన్నే వస్తుంటాయి.

ఒకే తీగలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎట్లా వినబడుతుంది అని మీరు అడగవచ్చు. మన ఫీల్డ్ టెలిఫోన్‌లో ఏం జరిగేది? రెండే తీగల మీద ఇద్దరూ మాట్లాడేవాళ్లు. మన గొంతు మన చెవిలోనే మోగకుండా లోపల ఒక కాయిల్ సర్దుబాటు ఉండేది. ఇక్కడ కూడా అంతే. నేను ఏం పంపానో నాకు తెలుసు. వినబడిన దానిలోనుండి నేను పంపింది తీసివేస్తే మిగిలింది అవతలివాడి మాట. కాని లైను చివరి నుండి, కనెక్టర్ నుండి తిరిగి కొట్టే ప్రతిధ్వని కూడా ఉంటుంది. పక్క మూడు జంటల క్రాస్‌టాక్ ఉంటుంది. అందువలన ప్రతి జంటకు ప్రతిధ్వనిని తీసివేయడానికి ఒకటి, పక్క జంటల చొరబాటును తీసివేయడానికి మూడు, మొత్తం పోర్టుకు పదహారు లెక్కల యంత్రాలు చిప్పులో నిరంతరం పనిచేస్తాయి. వంద మీటర్లు పోయేసరికి 100 మెగాహెర్ట్జ్ దగ్గర వోల్టేజీ పన్నెండో వంతుకు దిగిపోతుంది. ఆ నీరసపు గొంతును గుర్తు పట్టాలి. ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్‌లో ఇట్లా మాట్లాడుతూనే వినే జంటలు ముప్పై రెండు. బజారులో మామూలుగా దొరికే పెట్టె ఇది!

చిప్పుకు, కనెక్టర్‌కు మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. తీగకు, చిప్పుకు నేరుగా సంబంధం ఉండదు. అవి 1500 వోల్ట్ల వరకు తట్టుకునేలా ఉండాలని ప్రమాణం. రెండు భవనాల ఎర్త్‌ల మధ్య తేడా వచ్చినా చిప్పు బతకడానికి ఇదే కారణం. కాని పిడుగును ఆపుతుందని అనుకోవద్దు. ఆరుబయట భవనం నుండి భవనానికి పోవాలంటే ఫైబర్ వేయడమే మంచిది.

"నీకేం వచ్చు? నాకేం వచ్చు?"

తీగ గుచ్చగానే దీపం వెలగదు, రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ లోపల ఏం జరుగుతుంది? రెండు ఫైలూ ఒకదానికొకటి చిన్న పల్సుల గుత్తులు పంపుకుంటాయి. ప్రతి 16 మిల్లీసెకన్లకు ఒక గుత్తి. "నాకు పది వచ్చు, వంద వచ్చు, వెయ్యి వచ్చు. నీకు?" అని అడుగుతాయి. ఇద్దరికీ వచ్చిన వాటిలో పెద్దది ఎంచుకుంటాయి. గిగాబిట్ అయితే ఎవరి గడియారం ప్రకారం నడవాలో కూడా తేల్చుకుంటాయి. తరువాత లైను గుణం నేర్చుకుంటాయి. అన్నీ కుదిరితే దీపం వెలుగుతుంది.

కాబట్టి దీపం వెలిగిందంటే ఇద్దరు లైన్‌మ్యాన్‌లు చేతులు కలిపారని మాత్రమే అర్థం. మాట ఎంత స్పష్టంగా వినబడుతున్నదో దీపం చెప్పదు. ఇక్కడే నా అసలు కథ.

సాంచాల షెడ్డులో

రెండేళ్ల క్రితం మన తెలుగు కుర్రాడు ఒకడు రాత్రి మా ఇంటికి వచ్చాడు. తండ్రి సాంచాల కార్మికుడు. ఈ కుర్రాడు కెమెరాలు, కేబుళ్లు వేసే పని నేర్చుకున్నాడు. ఒక మిల్లులో కింద షెడ్డు నుండి పైన ఆఫీసుకు అరవై మీటర్ల కేబుల్ లాగి, రెండు చివరలా గిగాబిట్ స్విచ్‌లు పెట్టాడు. రాత్రి అంతా బాగానే నడుస్తుంది. పొద్దున సాంచాలు మొదలు కాగానే కెమెరా బొమ్మలు ఆగిపోతాయి, పగిలిపోతాయి. స్విచ్ రెండుసార్లు మార్చాడు. సేఠ్‌కు కోపం వచ్చింది. రెండు స్విచ్‌ల ధరా జీతంలో కోస్తానన్నాడు, ఆ పైన పనిలోనుండి తీసేస్తానన్నాడు.

"మామా, టెస్టర్ పెట్టి చూసిన. ఎనిమిదికి ఎనిమిది లైట్లు వరుసగ వెలిగినయి. తీగ మంచిగనే ఉన్నది. మరి నేనేం తప్పు జేసిన?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మర్నాడు వాడితో పోయాను. ఆ పెట్టెల మీద గిగాబిట్ అయితే ఆకుపచ్చ దీపం, వంద అయితే పసుపు దీపం. రెండు చివరలా గిగాబిట్ పెట్టెలే, దీపం మాత్రం పసుపు! అంటే ఫైలు గిగాబిట్‌కు ప్రయత్నించి, కుదరక వందకు దిగినవి. కొన్ని చిప్పులకు ఆ తెలివి ఉంటుంది. పొరపాటు స్విచ్‌ది కాదు, తీగదే అనుకున్నాను.

నిచ్చెన ఎక్కి కనెక్టర్ దగ్గర రంగులు చూశాను. ఆరెంజి జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట, చూడముచ్చటగా పక్కపక్కన పెట్టి నొక్కాడు. రెండు చివరలా అదే వరుస. అందుకే టెస్టర్‌లో అన్నీ వెలిగినవి. టెస్టర్ చూసేది ఒకటో తీగ ఒకటికి, రెండోది రెండుకు చేరిందా అని మాత్రమే. కాని ఫై జంటలుగా తీసుకునేది 1-2, 3-6, 4-5, 7-8. మూడు, ఆరు జంట కావాలి. వాడు కట్టిన దానిలో మూడో తీగ ఒక పురిలో, ఆరో తీగ ఇంకొక పురిలో. జంట విడిపోయింది. ఇద్దరూ పక్కింటివాళ్లతో పురి పెట్టుకుని ఉన్నారు! ఇక రొద రెండింటికీ సమానంగా ఎట్లా తగులుతుంది? పైగా కేబుల్‌ను మోటార్ల కరెంటు వైర్లతో కలిపి కట్టాడు. రాత్రి మోటార్లు ఆగితే సరిపోయేది, పగలు చచ్చిపోయేది.

సరైన వరుస చెప్పాను: ఆరెంజి-తెలుపు, ఆరెంజి, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. వాడే కోసి, వాడే నొక్కాడు. పది నిముషాల పని, రెండు కనెక్టర్ల ఖర్చు. దీపం ఆకుపచ్చగా వెలిగింది. సాంచాలన్నీ నడుస్తుండగానే బొమ్మ నిలబడింది. సేఠ్‌ను పిలిచి చూపించాము. స్విచ్‌లు రెండూ బాగానే ఉన్నవని తేలింది గనుక అవి స్టోరులోకి పోయినవి, జీతం కోత మానేశాడు. కుర్రాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

చెప్పని మాట

నిచ్చెన మీద ఆ రంగులు చూడగానే నాకెందుకు అంత తొందరగా తట్టిందో చెప్పాలి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను నాయక్‌గా ఉన్న రోజుల్లో ఒక ఎక్సర్‌సైజులో క్యారియర్ క్వాడ్ కేబుల్ తెగింది. క్వాడ్‌లో నాలుగు తీగలు కలిపి పురి పెట్టి ఉంటాయి. ఎదురెదురు తీగలు ఒక జంట. రాత్రి, చలి, తొందర. అతుకు నేనే వేశాను. పక్కపక్క తీగలను జంటగా కలిపేశాను. కంటిన్యుటీ చూస్తే సరిగ్గానే ఉంది. ఒక సర్క్యూట్ మాట ఇంకొక సర్క్యూట్‌లో వినబడడం మొదలయింది. తెల్లవార్లూ ఫాల్ట్ దొరకలేదు. ఆ లైను కాపలా చూసిన లైన్‌మ్యాన్ నిర్లక్ష్యం అని తేల్చారు. అతనికి చెల్లెలి పెళ్లికి మంజూరైన సెలవు ఆగిపోయింది. మరునాడు కేబుల్ చుట్టేటప్పుడు అతుకు విప్పి చూసి నా తప్పు నాకు తెలిసింది. నేను నోరు విప్పలేదు. ప్రమోషన్ కేడర్ దగ్గరలో ఉంది, భయపడ్డాను. తరువాత అతను వేరే యూనిట్‌కు బదిలీ అయ్యాడు. మళ్లీ కలవలేదు.

ఆ కుర్రాడు "నేనేం తప్పు జేసిన" అన్నప్పుడు నాకు ఆ లైన్‌మ్యాన్ ముఖమే కనబడింది. అతనికి ఇప్పుడు నేను ఏమీ చేయలేను. ఈ సభలో ఒప్పుకోవడం తప్ప.

మీకు నా మనవి

మనలో చాలామంది పెన్షన్ తరువాత మిల్లుల్లో, మార్కెట్లలో, వజ్రాల ఆఫీసుల్లో సెక్యూరిటీ, సూపర్‌వైజర్ పనుల్లో ఉన్నారు. మన చేతికింద ఇట్లాంటి పిల్లలు పని చేస్తారు. వారికి నాలుగు మాటలు చెప్పండి.

ఒకటి, కేబుల్ అసలు రాగిదే కొనండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నది చవకగా దొరుకుతుంది. తీగను బ్లేడుతో గీకితే తెల్లగా కనబడుతుంది. దానికి నిరోధం ఎక్కువ, కేబుల్ మీదుగానే కరెంటు తీసుకునే కెమెరాలకు వోల్టేజీ చాలదు.

రెండు, చివర పురి అర అంగుళం కంటే ఎక్కువ విప్పవద్దు. చిన్న తీగలతో కలిపి మొత్తం వంద మీటర్లు దాటవద్దు. కరెంటు వైర్లకు దూరంగా కట్టండి.

మూడు, రెండు చివరలా సెట్టింగు ఆటోలోనే ఉంచండి. ఒకవైపు వంద, ఫుల్ డ్యూప్లెక్స్ అని బిగించి, ఇంకొకవైపు ఆటోలో ఉంచితే, ఆటో ఉన్నవాడికి వేగం తెలుస్తుంది గాని డ్యూప్లెక్స్ తెలియదు, హాఫ్ అనుకుంటాడు. దీపం వెలుగుతుంది, పని నత్తనడక నడుస్తుంది.

నాలుగు, నీళ్లు తాగిన కేబుల్‌ను ఎండబెట్టి మళ్లీ వాడవద్దు. 2006 ఆగస్టులో తాపీ వరద ఈ ఊరిని ముంచినప్పుడు ఏమేం పాడయినవో మీకందరికీ తెలుసు. నీరు చేరితే జంట గుణమే మారిపోతుంది, తరంగం మధ్యలోనే వెనక్కి కొడుతుంది.

ఆఖరి మాట. ఏదైనా పనిచేయకపోతే "ఎవడు చేశాడు?" అని ముందు అడగకండి. "ఎక్కడ తెగింది?" అని అడగండి. అడుగు నుండి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ పైకి చూసుకుంటూ రండి. తప్పు దొరికిన తరువాత అది మనదే అయితే అప్పుడే చెప్పేయండి. ఆలస్యమైతే చెప్పడానికి మనిషి దొరకడు.

 పిల్లల్లో ఎవరికైనా క్రింపింగ్ నేర్చుకోవాలనుంటే ఆదివారం మా ఇంటికి రండి. టూలు నా దగ్గర ఉంది, కనెక్టర్లు మీరు తెచ్చుకోండి.

జై హింద్.